బండ తోసిన లోహం

ఏడో నంబరు బాయిలో ఆ ఏడాది బండ ఎన్నడూ అబద్ధమాడలేదు. అడిగినవాళ్లకు నిజమే చెప్పింది. అడగడం మానేసింది మనుషులు. వాళ్లచేత మాన్పించింది స్వరూప. ఈ సంగతి ఆమెకు తెలియడానికి పదకొండు నెలలు పట్టింది.

బాయి అంటే నీళ్ల బావి కాదు, బొగ్గు గని. గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో గనిని ఎవరూ గని అనరు. స్వరూప తండ్రి అందులో ఇరవై ఆరేళ్లు పనిచేసి, ఊపిరితిత్తులు పాడై, ఇక పనికిరాడని డాక్టర్లు రాసిస్తే ఇంటికొచ్చాడు. ఆయన ఉద్యోగం కొడుకు ఓదెలుకు వచ్చింది. ఓదెలు చదువు అక్కడితో ఆగింది, చెల్లెలి చదువు మాత్రం ఆగకుండా చూసుకున్నాడు. ఆమె హైదరాబాదు పోయి ఫిజిక్స్‌లో డాక్టరేటు దాకా చదివింది. అతను బాయిలో పరీక్షలు రాసి సర్దార్ అయ్యాడు.

సర్దార్ అంటే జట్టుకు పెద్ద. అందరికంటే ముందు తాను లోపలికి పోయి, నెత్తిమీద కప్పు గట్టిగా ఉందో లేదో చూసి, సరేనంటేనే తక్కినవాళ్లు అడుగు పెట్టాలి. ఆ చూడటం కంటితో అయ్యేది కాదు. ఇనుప కడ్డీతో బండను కొట్టి, రెండో అరచేతిని దానికి ఆనించి పెట్టాలి. గట్టి బండ ఖంగుమంటుంది, చేతికేమీ తెలియదు. లోపల పొర విడిపోయిన బండ డొల్లగా మోగుతుంది, అరచేతిలో సన్నటి వణుకు పుడుతుంది. పుస్తకంలో ఈ పద్ధతి రెండు వరుసల్లో అయిపోతుంది. ఓదెలు చేతికి అబ్బడానికి ఆరేళ్లు పట్టింది. అతని ఎడమ అరచెయ్యి ఎంత రుద్ది కడిగినా నల్లగానే ఉండేది.

స్వరూపకు ఆ నల్లటి చెయ్యంటే భయం. చిన్నప్పుడు పక్క క్వార్టర్‌లోని మామ ఒకాయన బండ పడి పోయాడు. ఆ రోజు సైరన్ మోగితే వాడకట్టులోని ఆడవాళ్లంతా బాయి గేటుకు పరుగెత్తారు, తల్లి కొంగు పట్టుకుని ఆమె కూడా పరుగెత్తింది. పెద్దయ్యాక ఏం చదివినా, ఏం చేసినా, అన్న నెత్తిమీది బండే ఆమె మనసులో మెదిలేది. ఇందులో దాపరికమేమీ లేదు. ఆమె అన్నను కాపాడుకోవాలనుకుంది.

హైదరాబాదు ల్యాబులో ఆమె పని కార్బన్ గొట్టాలతో. గొట్టాలంటే పొయ్యి ఊదుకునే గొట్టాలు కావు. తలవెంట్రుకను నిలువునా లక్షలుగా చీలిస్తే ఎంత సన్నగా ఉంటుందో అంత సన్నం, లోపలంతా బోలు. ఆ బోలులో ఆమె గాలియం అనే లోహాన్ని నింపింది. అది అరచేతి వేడికే కరిగిపోయే లోహం. గొట్టం రెండు కొసలకూ కరెంటు కలిపి మైక్రోస్కోపులో చూస్తే, నల్లటి చుక్క ఒకటి లోపల నింపాదిగా నడిచింది. కరెంటు దిక్కు మార్చగానే వెనక్కి వచ్చింది. ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు. ఆమె ఆ పూట అన్నం తినడం మరచిపోయి దాన్ని నడిపిస్తూ కూర్చుంది.

ఆమె గురువు ఫణిభూషణ్ గారు భుజం మీదుగా తొంగిచూసి, "బాగుందమ్మా, పెంపుడు చీమలాగ చెప్పినమాట వింటోంది. దీనితో ఏం చేయిద్దామనుకుంటున్నావు?" అన్నారు.

"కాపలా పెడతాను సార్," అంది స్వరూప.

ఆమె ఆలోచన ఇది. అలాంటి గొట్టాలను కోట్ల కొద్దీ కలిపి తీగలాగ పేనాలి. బాయి కప్పుకు నిలువుగా రంధ్రాలు పొడిచి, రంధ్రానికో తీగ చొప్పున ఆరు మీటర్ల ఎత్తు దాకా దూర్చాలి. బాయిలో ఎప్పుడూ ఉక్కపోతగానే ఉంటుంది కాబట్టి లోహం కరిగే ఉంటుంది. బండ పొరలు విడిపోతే తీగ సాగుతుంది, లోపలి లోహపు ధార తెగుతుంది. తెగిన వెంటనే కింద గోడమీది పలకలో పచ్చదీపం ఆరి ఎర్రదీపం వెలుగుతుంది. ధార నింపడానికి తీగ మొదట్లో చిటికెనవేలంత గిన్నె ఒకటి ఉంటుంది, అందులో కొంచెం లోహం నిలవ ఉంటుంది.

ఆ గిన్నెకు పేరు పెట్టింది ఓదెలు. సెలవులకు వచ్చినప్పుడు ఆమె చిన్న సీసా తెచ్చి, గడ్డకట్టిన గాలియం ముక్కను అన్న అరచేతిలో పెట్టింది. అది చూస్తూండగానే నీరై, నల్లటి గీతల్లో వెండిలాగ పారింది. ఓదెలు చిన్నపిల్లవాడిలా నవ్వాడు. వదిన భూలక్ష్మి మాత్రం, "గదేంది, చేతిని తినదు గదా?" అని దూరంగా నిలబడింది.

గిన్నె బొమ్మ గీసి చూపిస్తే ఓదెలు, "గిది చెలిమెనే చెల్లె. గోదావరి ఇసుకల తవ్వుకుంటమే, ఊరిన కొద్దీ తోడుకునుడు," అన్నాడు. అప్పటినుంచి ల్యాబులో కూడా దాన్ని చెలిమె అనే అన్నారు.

ఏడో నంబరు బాయిలో రెండు వందల పద్నాలుగు తీగలు దించారు. బాయి దిగేవాళ్లు నెత్తి దీపాలు తీసుకునే ల్యాంప్ రూము పక్కన స్వరూపకు ఒక గది ఇచ్చారు. గదినిండా తెరలు, లోపలికి నేరుగా మాట్లాడే ఫోను. ఆమె క్వార్టర్ తీసుకోకుండా అన్నావదినల ఇంట్లోనే దిగింది.

మొదటి నెలలోనే తల బొప్పి కట్టింది. బొగ్గు కోసం మందు పేల్చినప్పుడల్లా ఆ అదురుకు లోహపు ధార తెగేది, ఎర్రదీపం వెలిగేది, జట్టంతా పనిముట్లు పారేసి బయటికి ఉరికేది. ఒక రోజయితే అయిదుసార్లు ఉరికారు. అయిదోసారి ఒకాయన జారి పడి మోకాలు పగలగొట్టుకున్నాడు. ఎర్రదీపం వెలిగినప్పుడల్లా ఓదెలు ఫోను చేసేవాడు.

"చెల్లె, ఇది నిజమా ఉత్తదా?"

ఆమె తెరమీద గీత చూసి చెప్పేది. "ఉత్తదే అన్నా. మందు పేలిన అదురు. మీరు పని చేసుకోండ్రి."

మేనేజరు కృపాకర్ గారు మాట కటువుగా అనే మనిషి కాదు. మర్యాదగానే పిలిచి, "అమ్మా, మీ తీగ మంచిదే. కాకపోతే చీమ చిటుక్కుమన్నా గుండెలు బాదుకుంటోంది. దానికి కొంచెం నిబ్బరం నేర్పండి," అన్నారు.

ఆమె నేర్పింది. ధార తెగగానే తీగలోకి ఒకటిన్నర నిమిషంపాటు సన్నటి కరెంటు తనంతట తానే పారేట్టు మార్చింది. కరెంటు చెలిమెలోని లోహాన్ని ముందుకు నెట్టి, తెగినచోట అతుకు వేస్తుంది. అదురువల్ల తెగితే చిటికెలో అతుక్కుని పచ్చదీపం తిరిగి వస్తుంది. నిజంగా బండ విచ్చుకుంటే ఆ సందు అతుకుకు అందదు, ఎర్రదీపం అలాగే ఉంటుంది. ఫణిభూషణ్ గారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి సరేనన్నారు. ఇద్దరికీ అది తెలివైన పనే అనిపించింది. ఇద్దరూ ఊహించుకున్నది మాత్రం ఒక్కసారిగా నోరు తెరిచే బండను.

అతుకు వచ్చాక బాయి ప్రశాంతమైపోయింది. వారాల తరబడి ఎర్రదీపం లేదు. కృపాకర్ గారు పండుగ పూట స్వీట్లు పంపారు. పైనుంచి పెద్దవాళ్లు వచ్చి పలక ముందు నిలబడి ఫోటోలు దిగారు. ఓదెలు జట్టులో కొత్తగా వచ్చినవాళ్లకు పచ్చదీపం చూపించి, "మా చెల్లె పెట్టింది. మనకంటె ఎక్కువ సోయి ఉంటది దీనికి," అని చెప్పేవాడు. మొదట్లో దీపం చూసి, కప్పు కూడా కొట్టి చూసేవాడు. తరువాత దీపం చూసి రెండు చోట్ల కొట్టేవాడు. ఆ తరువాత కడ్డీని పనిముట్ల పెట్టెలో పడేశాడు. చెల్లెలి తీగ పక్కన నిలబడి బండను కడ్డీతో కొట్టడం అతనికి చెల్లెల్ని అనుమానించినట్టుగా తోచింది. ఈ మాట అతను ఎవరితోనూ అనలేదు.

ఒక సాయంత్రం భూలక్ష్మి బీరకాయ చెక్కు తీస్తూ, "సొరూపా, మీ అన్న చెయ్యి చూసినవా?" అంది.

"ఏమైంది వదినె?"

"తెల్లగైంది. పెండ్లయినప్పటిసంది గా చెయ్యి తెల్లగ నేను చూడలే. మంచిదే అనుకోవాలె. కని, నాకు ఎందుకో మనసున పడుతలేదు."

స్వరూప నవ్వేసి, ఇక మీద కూడా తెల్లగానే ఉంటుందని ధీమాగా చెప్పింది. ఆ నవ్వు తలచుకుంటే తరువాత ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసేది.

మార్చి మొదటి ఆదివారం. ఆదివారాన్ని బాయిలో ప్లేడే అంటారు, ఆ రోజు బొగ్గు తీయరు. ఏడాదికొకసారి చెలిమెలన్నీ కొలిచి సరిచూడాలి కాబట్టి, స్వరూప శనివారం సాయంత్రం తీగలన్నింటికీ కరెంటు తీసేయించి, ఏ చెలిమెలో ఎంత లోహం ఉందో రాసుకుంది. కరెంటు లేకపోతే లోహం కదలదు. సోమవారం పొద్దున మళ్లీ చూసి, లెక్క సరిపోయిందని సంతకం పెడితే పని అయిపోతుంది.

సోమవారం ఏడింటికి మొదటి షిఫ్టు దిగింది. పచ్చదీపాలు వెలగాలి కాబట్టి కరెంటు తిరిగి ఇచ్చేశారు. స్వరూప ఎనిమిదింటికి టీ గ్లాసుతో కూర్చుని, కరెంటు ఇవ్వడానికి ముందు యంత్రం నమోదు చేసిన కొలతలను శనివారం కొలతలతో పోల్చుకుంటూ పోయింది. అన్నీ సరిపోయాయి. పందొమ్మిదో లెవెల్ దగ్గర ఆగింది. లెవెల్ అంటే బాయిలో అడ్డంగా పోయే సొరంగం. అక్కడి ఎనిమిది చెలిమెల్లోనూ లోహం తగ్గింది. ముప్పై ఆరు గంటలు కరెంటు లేదు, మందు పేలలేదు, మనిషి తిరగలేదు. అయినా లోహం నడిచి పైకి పోయింది.

కారుతోందేమోనని హైదరాబాదుకు ఫోను చేసింది. ఫణిభూషణ్ గారు అంతా విన్నారు.

"అక్కడి కప్పు ఏ రాయమ్మా?"

"ఇసుకరాయి సార్."

"అందులో ఉండేది క్వార్ట్జే కదా. వంటింట్లో గ్యాస్ లైటర్ నొక్కితే మెరుపు ఎక్కణ్ణించి వస్తోంది? అలాంటి రాయిని నలిపితే కరెంటు పుడుతుంది. నువ్వు కరెంటు తీసేశావు, సరే. బండే ఇస్తోందేమో. దేనికింద నలుగుతోందో చూడు ముందు."

స్వరూప పందొమ్మిదో లెవెల్ పాత నమోదులు తెరిచింది. ఎర్రదీపాలు లేవు, అన్నీ అతుకులే. శనివారం ఒకటి, శుక్రవారం రెండు, అంతకుముందు వారంలో తొమ్మిది. ప్రతి అతుకుకూ చెలిమెనుంచి వెంట్రుకవాసి లోహం పోయింది. పోయింది వెనక్కి రాలేదు. అదురువల్ల తెగిన ధారకు కొత్త లోహం అక్కర్లేదు, ఉన్నదే కలుస్తుంది. కొత్త లోహం పట్టిందంటే అక్కడ కొత్తగా చోటు ఏర్పడిందన్నమాట. ఆమె పదకొండు నెలల అతుకులన్నీ కూడింది. నాలుగు వేళ్లు పట్టేంత సందు తేలింది.

పందొమ్మిదో లెవెల్ కప్పు వెంట్రుకవాసి చొప్పున విచ్చుకుంటూ వచ్చింది. విచ్చుకున్న ప్రతిసారీ ఆమె తీగ ఆ గాయాన్ని లోహంతో పూడ్చి, కింద మనుషులకు పచ్చదీపం చూపించింది. ఆ పొద్దు పందొమ్మిదో లెవెల్‌లో ఉన్నది ఓదెలు జట్టు.

ఆమె ఫోను అందుకునేసరికి టీ గ్లాసు కిందపడి పగిలింది.

"అన్నా, అందర్ని తీసుకొని దబ్బున బైటికి రా."

"ఏమైంది చెల్లె? ఇక్కడ పచ్చగనే ఉన్నది గదా."

"దాన్ని చూడకు. కడ్డీ ఉన్నదా? కప్పు కొట్టి చూడు."

ఫోను వేలాడదీసిన చప్పుడు, పెట్టె మూత తీసిన చప్పుడు వినిపించాయి. తరువాత ఇనుము బండకు తగిలిన మోత వచ్చింది. ఖంగుమనలేదు. ఖాళీ డబ్బాను తట్టినట్టుంది. ఓదెలు ఇంకోచోట కొట్టాడు, అక్కడా అంతే. మూడోసారి కొట్టలేదు. అతను జట్టును కేకవేసిన తీరు విని స్వరూప ఫోనును రెండు చేతులతో పట్టుకుంది.

ఓదెలు కాక జట్టులో పన్నెండుగురు. పదకొండు మంది ఎదురుగానే ఉన్నారు. పన్నెండో మనిషి కనకయ్య ఇంకా లోపలికి, నీళ్ల పంపు దగ్గర ఉన్నాడు. పంపు హోరులో అతనికి కేక వినపడదు. ఓదెలు పదకొండు మందిని బయటి దారికి తోసి, తాను లోపలికి పోయాడు. తొమ్మిది ఇరవైకి బండ పడింది.

గది కిటికీ అద్దాలు గలగలలాడాయి. తెరమీద పందొమ్మిదో లెవెల్ తీగలన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. ల్యాంప్ రూములోవాళ్లు పరుగెత్తుకొచ్చారు. స్వరూప తెరవైపే చూస్తూ నిలబడిపోయింది. ఒకటిన్నర నిమిషం గడిచింది. ఒక ఎర్రదీపం ఆరి పచ్చదీపం వచ్చింది. దాని పక్కది కూడా వచ్చింది. కూలిన బండ లోపల తెగిన ధారలు చెలిమెల్లో మిగిలిన లోహాన్ని తోడుకుని అతుక్కుంటున్నాయి. చూస్తూండగా పందొమ్మిదో లెవెల్ మొత్తం పచ్చబడింది.

"అన్నీ గ్రీన్ వచ్చినయి మేడం," అన్నాడు ఎవరో సంబరంగా.

స్వరూప గోడదాకా పోయి, మీటను కిందికి లాగి తీగలన్నింటికీ కరెంటు తీసేసింది.

పదకొండు మందీ క్షేమంగా పైకి వచ్చారు. పదింటికి లోపలి ఫోను మోగింది. పంపు గదిలోంచి ఓదెలు. అతనూ కనకయ్యా బతికే ఉన్నారు, దెబ్బలు కూడా లేవు. దారి మాత్రం మూసుకుపోయింది. కూలిన రాళ్లకూ పైబండకూ మధ్య మనిషి పాకేంత సందు ఉందని, అందులో ఒక ఇనుప దూలం అడ్డం పడిందని చెప్పాడు.

మధ్యాహ్నానికి రెస్క్యూవాళ్లు పన్నెండు మంది బాయి దిగి, కూలినచోటికి యాభై గజాల ఇవతల నిలబడ్డారు. వాళ్ల పెద్ద యాకూబ్, ఓదెలుతో కలిసి బడికి పోయినవాడు. అతను అక్కడి ఫోనులో అన్నాడు. "దూలం కనవడుతున్నది మేడం. కోసుడు ఇరవై నిమిషాల పని. పొమ్మంటె పోత."

కృపాకర్ గారి మొహం పాలిపోయి ఉంది. "పొమ్మందామా అమ్మా? ఇందాక మీరు కరెంటు తీసేదాకా అన్నీ పచ్చగానే ఉన్నాయి కదా."

"ఆ పచ్చ నేను నేర్పిన అబద్ధం సార్," అంది స్వరూప.

ఆమె ఇప్పుడు దీపాలను చూడటం లేదు. సరిగ్గా యాకూబ్ వాళ్లు నిలబడి దూలం కోయాల్సినచోట, నెత్తిమీద నాలుగు తీగలు ఇంకా తెగకుండా ఉన్నాయి. వాటిలో కరెంటు లేదు, చెలిమెల కొలతలు మాత్రం తెరమీదికి వస్తూనే ఉన్నాయి. వాటిలో లోహం కదిలితే ఆమె కదిల్చినట్టు కాదు, బండ కదిల్చినట్టు. నాలుగు తీగల్లోనూ లోహం పైకి పోతోంది. శని, ఆదివారాల ముప్పై ఆరు గంటల్లో పోయినంత ఇప్పుడు పావుగంటలో పోయింది.

"ఇప్పుడే వద్దు యాకూబన్నా. జర ఆగుండ్రి," అంది యాకూబ్‌తో.

ఆగారు. పావుగంట, అరగంట. లోహం ఆగలేదు. మనసులో ఆమె తనతో తానే కొట్లాడుతోంది. పదకొండు నెలలు అబద్ధమాడిన తీగను ఈ ఒక్క పూట నమ్మి, సొంత అన్నను లోపల వదిలేస్తున్నానా? బండ ఇంకో రోజంతా నిలబడవచ్చు కదా? ఇరవై నిమిషాలు. ఆమె చదివిన చదువంతా ఆ ఇరవై నిమిషాలకు జవాబు చెప్పలేకపోయింది. ఎంత వేగంగా పోతోందో తీగ చెబుతుంది, ఎప్పుడు పడుతుందో చెప్పదు.

గేటు దగ్గర గుంపు పెరిగింది. భూలక్ష్మిని ఎవరో లోపలికి వదిలారు. ఆమె గదిలోకి వచ్చి, ఏడవకుండా, గోడనానుకుని నిలబడింది. అప్పుడే ఓదెలు ఫోను మోగింది.

"చెల్లె, యాకూబ్‌గాడు ఇంక రాడేంది? వాని లైటు గూడ కనవడుతలేదు."

"నేనే ఆపిన అన్నా."

పంపు గదిలో నీళ్లు కారుతున్న చప్పుడు మధ్య అతని గొంతు మళ్లీ వచ్చింది.

"కప్పు ఇంక కదులుతున్నదా?"

"కదులుతున్నది."

"ఇది నిజమా?"

"నిజమే అన్నా. కరెంటు తీసేసిన. నేను నూకుతలేను, బండనే నూకుతున్నది."

"పొద్దటికంటె ఎక్కువనా?"

ఆమె తెరమీది కొలతను మళ్లీ చూసింది. ఓదెలు అర్థం చేసుకున్నాడు. ఏళ్ల తరబడి అరచేత్తో బండ మాట విన్నవాడికి చెల్లెలి మౌనం అర్థం కాకపోదు.

"అయితె వానికి ఇద్దరు ఆడపిల్లలు, పంపకు," అన్నాడు. ఆ వెంటనే, "మీ వదినె ఉన్నదా అక్కడ? ఇయ్యి," అన్నాడు.

భూలక్ష్మి ఫోను చెవికి ఆనించుకుంది. అతనేం చెప్పాడో స్వరూపకు వినపడలేదు. ఇటువైపు మాటలు మాత్రం విన్నది. "ఊఁ. పొద్దుగాలనే బంద్ చేసిన మోటరు. ట్యాంకు నిండింది. ఊఁ. నేను తిన్న. నువ్వు తిన్నవా?" ఆ చివరి మాటకు జవాబు రాలేదు. నేల ఒక్కసారి అదిరింది. భూలక్ష్మి ఫోనును చెవి దగ్గరే ఉంచుకుని, మళ్లీ అడిగింది. మూడోసారి కూడా అడిగింది.

తెరమీద ఆ నాలుగు తీగల దగ్గర ఇప్పుడు ఏమీ లేదు.

ఇంకో ఫోను మోగింది. యాకూబ్ దగ్గుతున్నాడు. దుమ్ములో ఏమీ కనపడటం లేదన్నాడు. దూలం ఉన్నచోటంతా కూలిందని, దాని వెనక పంపు గది కూడా పోయినట్టేనని చెప్పాడు. "మేమంత ఇక్కడ్నే ఉన్నం మేడం. పన్నెండు మందిమి ఉన్నం," అని, అంతకుమించి మాట్లాడలేక పెట్టేశాడు.

కృపాకర్ గారు కుర్చీలో కూలబడి మొహం కప్పుకున్నారు. భూలక్ష్మి చేతిలోంచి ఫోను తీసుకోవాలని స్వరూప దగ్గరికి పోయింది కానీ, ముట్టుకునే ధైర్యం చాలలేదు.

"నువ్వు ఆపకపోతె అందుతుండెనా సొరూపా?" అంది భూలక్ష్మి.

అన్నే పంపొద్దన్నాడని చెప్పవచ్చు. అది నిజం కూడా. కానీ అతను అనకముందే, పన్నెండు గంటలకే ఆమె వాళ్లను ఆపింది. అప్పుడు పొమ్మని ఉంటే ఇరవై నిమిషాల పని. బండ పడింది ఒంటిగంట దాటాక.

"అందుతుండె వదినె. పన్నెండింటికే పొమ్మంటె, ఇద్దర్నీ తీసుకొని వస్తుండిరి. నేను పొమ్మనలే."

భూలక్ష్మి ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ఫోనును దాని చోట పెట్టి, కొంగు భుజం చుట్టూ లాక్కుని, తలుపు తీసుకుని బయటికి నడిచింది. స్వరూప వెనకే పోయింది.

బాయి మూతి దగ్గర రెస్క్యూవాళ్లు పైకి వస్తున్నారు. ఒళ్లంతా బొగ్గు దుమ్ము, ఎవరు ఎవరో తెలియడం లేదు. గేటు దగ్గరి ఆడవాళ్లు ఒక్కొక్కరినీ పోల్చుకుని పేరుపెట్టి పిలుస్తున్నారు. యాకూబ్ భార్య ఇద్దరు పిల్లలను అతనికి అప్పగించి, జనంలోంచి దారి చేసుకుంటూ స్వరూప ముందుకు వచ్చింది. రెండు చేతులూ ఎత్తి మొక్కబోయింది. పక్కనే ఉన్న భూలక్ష్మిని చూసి, చేతులు కిందికి దించేసుకుంది.